ఏడాదికి రెండుసార్లు పూసే లైలాక్

బట్టల షాపుకి వెళ్లి 'లైలాక్ రంగు చూపించండి' అంటే సేల్స్ అబ్బాయి లేత ఊదారంగు చీరలు గుట్టగా తెచ్చి ముందు పోస్తాడు. రంగు మనకు తెలుసు. ఆ రంగుకి పేరిచ్చిన పువ్వునే మనలో చాలామంది చూసి ఉండరు. నేనూ పెళ్లయి అమెరికా వచ్చేదాకా చూడలేదు.

తమాషా ఏమిటంటే ఆ పేరు మొదట మనదే! సంస్కృతంలోని 'నీల' శబ్దం పారశీకానికి వెళ్లి 'నీలక్', ఆపైన 'లీలక్' అయింది. అరబ్బీ, స్పానిష్, ఫ్రెంచి భాషల మీదుగా ఊళ్లు తిరిగి ఇంగ్లీషులో 'లైలాక్'గా స్థిరపడింది. మన 'నీలం' అంత దూరం ప్రయాణం చేసి, చలిదేశాల పెరట్లో పూలగుత్తిగా నిలబడిందన్నమాట.

ఈమధ్య మన ఇళ్లలో అమ్మాయో, కోడలో, చెల్లెలో అమెరికాలోనో కెనడాలోనో ఉండటం మామూలయిపోయింది. అమ్మలు, అత్తగార్లు ఆరేసి నెలలు అక్కడ ఉండి వస్తున్నారు. వెళ్లిన మర్నాడే కిటికీలోంచి పెరట్లోకి చూసి, 'ఇంత స్థలం ఉండి ఒక్క పూలమొక్క లేదేమిటే?' అని అడగని అమ్మ ఉండదు. అటువంటి పెరటికి సరిపోయే ఒక చిన్న మొక్క గురించి చెబుదామని ఈ వ్యాసం.

మల్లెకు దూరపు చుట్టం

లైలాక్ పువ్వు విడిగా చూస్తే చాలా చిన్నది. సన్నని గొట్టం చివర నాలుగే నాలుగు రేకులు. అటువంటి పూలు వందల కొద్దీ కలిసి ఒక గుత్తి. పెద్దరకం చెట్టుకి గుత్తి జానెడు పొడవు కూడా ఉంటుంది. ఊదా, నీలం, గులాబీ, తెలుపు... ఎన్నో ఛాయలు. వాసన మాత్రం ఒక్కసారి పీల్చిన వాళ్లు మర్చిపోరు. మల్లెంత ఘాటు కాదు, సన్నజాజికి దగ్గర. పైన కొంచెం తేనె తీపి.

మల్లె, జాజి గుర్తుకు రావటం ఊరికే కాదు. వృక్షశాస్త్రం ప్రకారం మల్లె, సన్నజాజి, పారిజాతం, ఆలివ్, లైలాక్ అన్నీ ఒకే కుటుంబానివి. ఒక చుట్టం మన వీధి గుమ్మం ముందు, ఇంకో చుట్టం మంచుదేశంలో.

ఐతే మన తెలుగునాట లైలాక్ పెరుగుతుందా? సూటిగా చెప్పాలంటే, లేదు. ఈ మొక్కకి చలికాలం నిద్ర కావాలి. ఆకులన్నీ రాల్చి, వారాల తరబడి గడ్డకట్టే చలిలో పడుకుంటేనే వసంతంలో మొగ్గలు విచ్చుకుంటాయి. మన హైదరాబాదు చలి దానికి ఓ కునుకు తీయటానికైనా చాలదు. ఎవరైనా 'హైదరాబాదులో పూసే లైలాక్' అని మొక్క అమ్మితే డబ్బులు పోయినట్టే. మన దేశంలో లైలాక్ పుట్టిల్లు హిమాలయాలు. కాశ్మీరు, హిమాచల్ వైపు కొండల్లో ఒక జాతి దానంతటదే పెరుగుతుంది. ఇంకో సంగతి. ఇంగ్లీషువాళ్లు మన వేపచెట్టునే 'ఇండియన్ లైలాక్' అన్నారు. తురకవేపను 'పర్షియన్ లైలాక్' అంటారు. పూతలో పోలిక చూసి పెట్టిన పేర్లే తప్ప, అసలు లైలాక్‌తో వీటికి చుట్టరికం లేదు. ఈ తేడా తెలిసి ఉండటం మంచిది, ఎందుకంటే తురకవేప కాయలు విషం.

పదిహేను రోజుల పండగ

మేముండేది న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ పక్కన. న్యూయార్క్ నగరం కాదు, దానికి చాలా దూరంగా, ఒంటారియో సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. మంచు బాగా కురిసే ప్రాంతం. ఇక్కడ ప్రతి మే నెలలో లైలాక్ పూల పండగ జరుగుతుంది. హైలాండ్ పార్కులో 500కు పైగా రకాలు, 1,200కు పైగా పొదలు ఉన్నాయి. 1892లో జాన్ డన్‌బార్ అనే ఉద్యానవన నిపుణుడు ఆ కొండవాలులో మొదటి మొక్కలు నాటించాడు. 1898 నుంచి జనం పూలు చూడటానికి గుంపులుగా రావటం మొదలుపెట్టారు. ఇప్పటికీ మన కార్తీక వనభోజనాలకి వెళ్లినట్టు పిల్లా పీచూ, బుట్టలూ దుప్పట్లూ తీసుకుని వెళతారు.

అంత సంబరమూ ముగిసేది పది పదిహేను రోజుల్లోనే. అదే పాత లైలాక్‌తో చిక్కు. మే నెలలో పూస్తుంది, జూన్ వచ్చేసరికి అయిపోతుంది. మిగతా ఏడాదంతా పచ్చటి ఆకుల పొద. పైగా పది పన్నెండు అడుగులు, ఒక్కోసారి పదిహేను అడుగులు పెరుగుతుంది. చుట్టూ పిలకలు వేసి పక్కవాళ్ల గోడదాకా పాకుతుంది. పూలు తల ఎత్తి చూడాల్సిన ఎత్తులో పూస్తాయి.

2017లో మా అమ్మా నాన్నా రాజమండ్రి నుంచి మొదటిసారి మా ఇంటికి వచ్చారు. జులై నెల. మా పక్కింటి ముసలమ్మగారి పెరట్లో పాత లైలాక్ చెట్టుంది. నేను ఫోన్లో దాన్ని పొగడని వారం లేదు. అమ్మ దాన్ని చూడటానికి ఆత్రంగా వెళ్లింది. ఆకు తుంచి అటూ ఇటూ తిప్పి, 'ఇది తమలపాకులా ఉందే!' అంది. నిజమే, పెద్ద లైలాక్ ఆకు అచ్చం తమలపాకు ఆకారమే. పూలు మాత్రం ఒక్కటీ లేవు. 'ఏడాదికి పదిహేను రోజులు పూసే దానికి ఇంత పండగా! మన కనకాంబరం నయం, అడగకుండానే పూస్తుంది' అని నవ్వేసింది. నాన్నగారు మాత్రం, 'మళ్లీ పూసే రకం ఉందేమో కనుక్కోమ్మా, ఈసారి చూపిద్దువుగాని మీ అమ్మకి' అన్నారు.

కనుక్కున్నాను. ఉంది.

తిరిగొచ్చే పువ్వు

ఆ రకం పేరు 'బ్లూమరాంగ్'. విసిరితే తిరిగొచ్చే బూమరాంగ్‌లాగా పువ్వు మళ్లీ తిరిగొస్తుందని ఆ పేరు. మిషిగన్ రాష్ట్రంలో గ్రాండ్ హేవెన్ అనే ఊళ్లో ఉన్న ఒక నర్సరీలో టిమ్ వుడ్ అనే మొక్కల నిపుణుడు దీన్ని తయారుచేశాడు. 'జోసీ' అనే పాత ఫ్రెంచి రకం దీనికి తల్లి. ఆ జోసీకి అప్పటికే అప్పుడప్పుడూ రెండోసారి పూసే గుణం ఉంది. దాని విత్తనాలతో మొలిచిన పిల్లమొక్కల్లోంచి పొట్టిగా, గుబురుగా, ఎక్కువగా మళ్లీ పూసేదాన్ని ఏరి పెంచారు. మొదటి రకం నాలుగైదు అడుగులకి మించదు. తర్వాత ముదురు ఊదా, గులాబీ రంగులు వచ్చాయి. మూడడుగుల లోపే ఆగిపోయే మరుగుజ్జు రకం కూడా ఉంది.

దీనికి మళ్లీ పూసే గుణం ఎలా వచ్చింది? పాత లైలాక్ ఎండాకాలంలో కొమ్మ చివర మొగ్గ కడుతుంది. ఆ మొగ్గ చలికాలమంతా నిద్రపోయి వచ్చే వసంతంలో గానీ విచ్చుకోదు. బ్లూమరాంగ్‌కి కూడా మే నెలలో వచ్చే పూలు నిరుటి కొమ్మ మీదివే. కానీ ఆ పూత అయ్యాక వేసే కొత్త కొమ్మల మీద మొగ్గలు చలికాలం కోసం ఆగవు. కొన్ని ఆ ఏడాదే విచ్చుకుంటాయి. జూన్‌లో కాస్త విశ్రాంతి తీసుకుని, జులై నుంచి మొదటి మంచు పడేదాకా అక్కడక్కడా పూస్తూనే ఉంటుంది.

ఒక్క మాట మాత్రం ముందే తెలుసుకోవాలి. రెండో పూత మొదటి పూతంత నిండుగా ఉండదు. గుత్తులు చిన్నవి, సంఖ్యా తక్కువే. ఎండ బాగా మండిన ఏడాది మరీ తగ్గుతుంది. ఆకులు కూడా తమలపాకంత ఉండవు, చిన్నవి. పెద్ద లైలాక్‌ని చూసిన కళ్లతో చూస్తే ఇది చిన్నపిల్లలా కనిపిస్తుంది. వాసన మాత్రం ఉంటుంది. ఆగస్టులో సాయంత్రం పూట గుమ్మం తీస్తే లైలాక్ వాసన రావటం ఇక్కడివాళ్లకే వింత.

నాటేది ఎలా?

2018 వసంతంలో నేను మొక్క నాటాను. మీ వాళ్లు నాటాలనుకుంటే ఈ సంగతులు చెప్పండి.

ముందు ఊరు సరిపోతుందో లేదో చూసుకోవాలి. అమెరికా వ్యవసాయ శాఖ చలిని బట్టి దేశాన్ని 13 మండలాలుగా విభజించింది. ఆ పటాన్ని 2023లో కొత్తగా సవరించారు. ఈ మొక్క మూడో మండలం నుంచి ఏడో మండలం వరకూ బాగుంటుంది. అంటే మైనస్ 40 డిగ్రీల చలిని కూడా తట్టుకుంటుందన్నమాట! చికాగో, డెట్రాయిట్, బోస్టన్, టొరంటో వైపు ఉన్నవాళ్లు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. హ్యూస్టన్‌లో, ఫ్లోరిడాలో ఉన్నవాళ్లు ఆశపడకుండా మన మల్లెనే పెంచుకోవటం మేలు.

ఎండ ముఖ్యం. రోజుకి ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. నీడలో పెడితే మొక్క బతుకుతుంది, పూయదు. రెండో పూత అసలే రాదు.

నేలలో నీరు నిలవకూడదు. లైలాక్‌కి 'కాళ్లు తడిగా ఉండటం' గిట్టదు. మా పెరట్లో బంకమట్టి. అందుకని నేను చుట్టూ ఉన్న నేలకంటే కొంచెం ఎత్తుగా మట్టి పోసి నాటాను. పులుపు నేల దీనికి నచ్చదు. అటూ ఇటూ కాని నేల గానీ, కొద్దిగా సున్నం పాలున్న నేల గానీ సరిపోతుంది. మట్టి పరీక్ష చేయించకుండా సున్నం చల్లకూడదు.

గొయ్యి కుండీ వెడల్పుకి రెండింతలు ఉండాలి. లోతు మాత్రం కుండీ అంతే. కుండీలో మట్టి ఏ మట్టానికి ఉందో నేలలోనూ అదే మట్టానికి ఉండాలి, మొదలు పూడిపోకూడదు. కుండీలోంచి తీశాక వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే చేత్తో విడదీయాలి. మట్టి పూడ్చి, నిండా నీళ్లు పోసి, పైన రెండు మూడు అంగుళాల మందాన చెక్కపొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది. ఆ పొట్టు కాండానికి ఆనుకోకుండా చూడాలి. రెండు మొక్కలు పెడితే మధ్య ఐదడుగుల దూరం ఉంచాలి.

మొదటి రెండు ఎండాకాలాలు వారానికోసారి వేళ్లదాకా దిగేలా నీళ్లు పోయాలి. పైపైన రోజూ చిలకరించటం దండగ. తర్వాత వర్షాధారంగానే గడుపుకుంటుంది. ఐనా జులై ఎండల్లో నీళ్లు పోస్తే రెండో పూత బాగా వస్తుంది.

ఎరువు దగ్గర చెయ్యి బిగించాలి. నత్రజని ఎక్కువైతే ఆకే ఆకు, పువ్వు సున్న. పక్కన గడ్డికి వేసే ఎరువు దీని మొదట్లో పడకుండా చూసుకోవాలి. మొదటి పూత అయ్యాక గులాబీలకు వేసే ఎరువు కొద్దిగా వేస్తే చాలు.

పెరడు లేక అపార్ట్‌మెంట్ బాల్కనీ మాత్రమే ఉన్నవాళ్లు మరుగుజ్జు రకాన్ని అడుగున్నర వెడల్పున్న కుండీలో పెట్టుకోవచ్చు. ఐతే కుండీలో వేళ్లకి నేలలో ఉన్నంత రక్షణ ఉండదు. బాగా చలి ఉన్న చోట చలికాలంలో కుండీని గోడవారకి చేర్చి చుట్టూ గోనెపట్టా చుట్టాలి.

కత్తెర ఎప్పుడు పట్టాలి?

లైలాక్ పెంపకంలో సగం విద్య ఇక్కడే ఉంది. కత్తిరించే వేళ ఒక్కటే. మే పూత వాడిపోయిన వెంటనే. వాడిన గుత్తులు తీసేసి, మరీ బయటికి సాగిన కొమ్మల్ని కాస్త వెనక్కి కత్తిరించాలి. అప్పుడు కొత్త చిగుళ్లు ఎక్కువగా వస్తాయి. రెండో పూత వచ్చేది ఆ చిగుళ్ల మీదే. ఆకులు రాలిపోయాక చలికాలంలో గానీ, మంచు కరిగాక మార్చిలో గానీ కత్తిరిస్తే వచ్చే మే నెల పూలన్నీ మన చేతులతో మనమే తుంచి పారేసినట్టు. ఎండిన కొమ్మలు మాత్రం ఎప్పుడైనా తీసేయొచ్చు.

జబ్బుల్లో ముఖ్యమైంది బూడిద తెగులు. మన దగ్గర మామిడి పూతకీ, పాదులకీ వచ్చేలాంటిదే. ఆగస్టులో ఆకుల మీద తెల్లగా బూడిద చల్లినట్టు కనిపిస్తుంది. చూడటానికి బాగుండదు గానీ మొక్క చావదు. గాలి ఆడేలా పెట్టటం, నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లో పోయటం, రాలిన ఆకుల్ని ఊడ్చేయటం... ఇంతే వైద్యం. జింకలు పెరటి మొక్కలన్నీ మేసిపోయే ఊళ్లలో కూడా లైలాక్ జోలికి పెద్దగా రావు. అది ఇంకో లాభం.

మనవాళ్లకి ఒక అలవాటుంది. పక్కింట్లో మంచి మొక్క కనిపిస్తే ఓ కొమ్మ అడిగి తెచ్చుకుంటాం. ఈ మొక్కకి పేటెంటు తీసుకున్నారు. కొమ్మలతో కొత్త మొక్కలు చేయకూడదని ట్యాగు మీదే రాసి ఉంటుంది. పక్కింటి ముసలమ్మగారి పాత లైలాక్ పిలకకి ఆ నిబంధన లేదు, అడిగితే ఆవిడ సంతోషంగా తవ్వి ఇస్తారు.

ముగ్గురు ఆడవాళ్ల చేతి చలవ

లైలాక్ గురించి చదువుతుంటే నన్ను బాగా ఆకట్టుకున్న విషయం ఇది. ఈ పువ్వు చరిత్ర మలుపు తిరిగిన చోటల్లా ఒక ఆడమనిషి కనిపిస్తుంది.

మొదటావిడ ఫ్రాన్స్‌లో నాన్సీ పట్టణంలో ఉన్న మేరీ లూయీజ్ లెమ్వాన్. భర్త విక్టర్ లెమ్వాన్ పేరు పొందిన మొక్కల నిపుణుడు. 1870లో ప్రష్యాతో యుద్ధం జరుగుతున్న రోజుల్లో లైలాక్‌లో ముద్దపూల రకాలు తయారుచేయటానికి పూనుకున్నాడు. అప్పటికే ఆయన చూపు మందగించింది. అంత చిన్న పువ్వులో పుప్పొడి అంటించటం ఆయన వల్ల కాలేదు. ఆవిడే నిచ్చెన ఎక్కి, ఒక్కొక్క పువ్వుకీ కుంచెతో పుప్పొడి అద్దింది. ఈవేళ లోకమంతా 'ఫ్రెంచి లైలాక్' అని మెచ్చుకునే పూల వెనక ఉన్నది ఆ చెయ్యి. రకాల పేర్ల పక్కన కనిపించేది మాత్రం 'లెమ్వాన్' అనే ఇంటి పేరొక్కటే.

రెండోావిడ కాదు, రెండో గొప్పావిడ అనాలి... ఇసబెల్లా ప్రెస్టన్. ఇంగ్లండులో పుట్టి 1912లో కెనడా వచ్చింది. ఒట్టావాలోని ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రంలో 1920 నుంచి పనిచేస్తూ కెనడా చలిని తట్టుకునే లైలాక్‌లు సృష్టించింది. వాటిని ఆవిడ పేరు మీదే 'ప్రెస్టన్ లైలాక్'లు అంటారు. వాటిలో చాలా రకాలకి షేక్‌స్పియర్ నాటకాల్లోని నాయికల పేర్లు పెట్టుకుంది.

మూడో ఆవిడ హుల్డా క్లాగర్. వాషింగ్టన్ రాష్ట్రంలో వుడ్‌ల్యాండ్ అనే చిన్న ఊళ్లో రైతు ఇల్లాలు. చదువుకున్న శాస్త్రవేత్త కాదు. ఇంటిపని, పాడిపని చేసుకుంటూ 1905 ప్రాంతంలో లైలాక్‌లు కలిపి కొత్త రకాలు చేయటం మొదలుపెట్టింది. 1922లో భర్త పోయాడు. ఇక ఈ పనంతా ఎందుకని ఆపేయబోతే కొడుకు ధైర్యం చెప్పి మళ్లీ తోటలోకి పంపాడు. 1948లో కొలంబియా నదికి పెద్ద వరద వచ్చి తోటంతా ముంచేసింది. పెద్ద చెట్లు కొన్ని తప్ప లైలాక్‌లన్నీ పోయాయి. అప్పటికి ఆవిడకి ఎనభై దాటాయి! అంతకుముందు ఏళ్లలో ఆవిడ దగ్గర మొక్కలు కొనుక్కున్నవాళ్లు వాటి పిలకలు తవ్వి తెచ్చి ఆవిడ రకాలు ఆవిడకే తిరిగి ఇచ్చారు. 1950లో ఆ తోట మళ్లీ జనానికి తలుపులు తెరిచింది. 1960లో ఆవిడ పోయాక ఆ స్థలాన్ని చదును చేసేయబోతే ఊళ్లోని తోటల సంఘం ఆడవాళ్లు పట్టుబట్టి కాపాడుకున్నారు. ఇవాళ అది చారిత్రక స్థలం.

అమ్మకి చెప్పిన కథ

హుల్డా కథని నేను మా అమ్మకి చెప్పాను. 2023లో.

నాన్నగారు 2021లో పోయారు. అప్పటి నుంచీ అమ్మ పువ్వు ముట్టుకోలేదు. పూజకి కోస్తుంది, పక్కింటి పిల్లలకి మాల కట్టి ఇస్తుంది. తన తలలో మాత్రం లేదు. రోజూ సాయంత్రం నాలుగింటికి మల్లెమొగ్గలు కోసి, నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చేలోగా మూర దండ కట్టి జడలో పెట్టుకునే మనిషి. ఎవరూ వద్దని చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే తను మానేసింది. 'ఎవరేమంటారమ్మా, పెట్టుకో' అని నేను ఫోన్లో ఒకటి రెండుసార్లు అంటే, 'ఊరుకోవే, ఇప్పుడవన్నీ ఎందుకు' అని మాట తప్పించింది. ఆ తర్వాత నేనూ అడగటం మానేశాను.

2023 జూన్ నెలాఖరుకి ఒక్కతే వచ్చింది. మే పూత అయిపోయింది. నేను వాడిన గుత్తులు కత్తిరించి, నీళ్లు పోసి సిద్ధంగా ఉంచాను. రాగానే, 'మళ్లీ పూలు లేనప్పుడే వచ్చానా?' అంది. 'ఉండు, చూద్దువుగాని' అన్నాను. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పొద దగ్గరికి వెళ్లి చిగుళ్లు వెతకటం తనకి పని అయింది. నీళ్లు పోసే పని నా చేతుల్లోంచి లాగేసుకుంది. జులై మూడోవారంలో నన్ను కేకేసి పిలిచి మొదటి మొగ్గ చూపించింది. నెల తిరిగేసరికి పొద మీద పది పన్నెండు గుత్తులు.

'వాసన బాగుంది గానీ, ఇదేం పువ్వే! దండ కట్టటానికి కాడ లేదు, విడిగా తీస్తే నిలవదు' అని పెదవి విరిచింది. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు. ఇక్కడి పిల్లలు లైలాక్ గుత్తిలో ఐదు రేకుల పువ్వు కోసం వెతుకుతారు. దొరికితే అదృష్టం అని రష్యావాళ్ల నమ్మకం, దాని స్నేహితురాలు చెప్పిందిట. అమ్మమ్మా మనవరాలూ మెట్ల మీద కూర్చుని అరగంట వెతికారు. దొరికిందో లేదో నాకు తెలీదు. నేను అన్నం వార్చుకుని బయటికి వచ్చేసరికి ఒక చిన్న గుత్తి అమ్మ ముడిలో ఉంది. పిల్ల పెట్టింది.

నేను ఏమీ అనలేదు. అమ్మే నావైపు చూసి, 'ఈ పువ్వు గురించి మన శాస్త్రాల్లో ఏం రాసుండదులేవే' అంది. రాత్రి పడుకోబోయేదాకా తీయలేదు.

దీన్ని పెద్ద విప్లవంగా నేను చెప్పటం లేదు. రాజమండ్రి వెళ్లాక తను మళ్లీ మల్లెలు పెట్టుకోలేదు. కానీ అక్కడున్న నాలుగు నెలల్లో పొద పూసిన రోజల్లా పెట్టుకుంది, అక్టోబరులో చివరి గుత్తి దాకా. మన ఇళ్లలో ఇలాంటి అమ్మలు, పిన్నులు, అత్తయ్యలు ఎంతమందో! పువ్వు మానేయటం వాళ్ల ఇష్టమో, మన మౌనమో ఎవరూ అడగరు. పుట్టినప్పటి నుంచీ పెట్టుకున్న పువ్వుకి పసుపు కుంకాలతో లంకె ఏమిటో కూడా అడగరు. నోటితో అడగలేని మాటని ఒక్కోసారి పిల్లలు చేత్తో అడిగేస్తారు.

మన పెరట్లో ఏం చేయొచ్చు?

లైలాక్ మనకి పెరగదు గదా అని నిరాశ పడక్కర్లేదు. 'పూత అవగానే కత్తిరించు, కొత్త చిగురు మీద మళ్లీ పూస్తుంది' అన్న సూత్రం మన మొక్కల్లో చాలావాటికి వర్తిస్తుంది.

గుండుమల్లె పూసేది కొత్త కొమ్మల చివరే. చలికాలంలో కొన్నాళ్లు నీళ్లు తగ్గించి, తర్వాత కొమ్మల్ని మోకాలెత్తుకి కత్తిరించి, పశువుల ఎరువు వేసి నీళ్లు పెడితే ఎండాకాలానికి విరగబూస్తుంది. ఒక విడత మొగ్గలు కోశాక కొసలు తుంచుతూ ఉంటే ఇంకో విడత వస్తుంది. దీనికీ ఎండే ప్రాణం. నీడలో పెట్టి పూయటం లేదని తిట్టుకోకూడదు.

లైలాక్ లాంటి గుత్తులు, ఆ రంగే కావాలనుకుంటే చినగోరంట పెట్టుకోండి. ముడతలు పడ్డ క్రేప్ కాగితంలాంటి రేకులు ఉంటాయి. ఊదా, గులాబీ, తెలుపు రంగులు దొరుకుతాయి. వాడిన గుత్తిని కాయ కట్టక ముందే కత్తిరిస్తే మళ్లీ పూస్తుంది. వాసన మాత్రం ఆశించొద్దు. నూరువరహాలు, నందివర్ధనం కూడా కత్తెరకి లొంగి పొట్టిగా, గుబురుగా పెరిగే మొక్కలే. గోదావరి జిల్లాలవాళ్లకైతే కడియపులంక నర్సరీలు పక్కనే ఉన్నాయి, కుండీ రకాలన్నీ దొరుకుతాయి.

ఇక పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మలకి ఒక సలహా. అక్కడ చలికాలంలో చేయటానికి ఏమీ ఉండదు. ఏప్రిల్ చివర వెళ్లగలిగితే లైలాక్ రెండు పూతలూ చూడొచ్చు. వెళ్లాక పెరడు మీ చేతుల్లోకి తీసుకోండి. ఎండ ఎటు పడుతుందో నాలుగు రోజులు గమనించి, నీరు నిలవని చోట ఒక మొక్క నాటించండి. మీరు తిరిగి వచ్చేశాక కూడా ఫోన్లో మాట్లాడుకోవటానికి ఒక సంగతి ఉంటుంది.

మా అమ్మ ఇప్పుడు ఆదివారం ఫోన్ చేస్తే కుశల ప్రశ్నలు అయీ అవకముందే అడుగుతుంది. 'మే పూత అయిపోయిందా? ఐతే ఇంకా ఆలస్యం ఎందుకు, కత్తిరించెయ్!'